బీజీయ సమాసానికి విగ్రహవాక్యం: పద సమస్యల్లోని సమాసాలను అర్థం చేసుకోవడానికి సమగ్ర మార్గదర్శి

ఒక పట్టణంలో ఆటో ప్రయాణానికి మొదటి 2 కిలోమీటర్లకు 30 రూపాయలు, ఆపైన ప్రతి కిలోమీటరుకు 12 రూపాయలు తీసుకుంటారనుకుందాం. అప్పుడు క కిలోమీటర్ల ప్రయాణానికి అయ్యే ఛార్జీ 30 + 12(క − 2) రూపాయలు. ఈ సమాసంలో (క − 2) దేనిని సూచిస్తుందని పరీక్షలో అడిగితే, చాలామంది విద్యార్థులు బ్రాకెట్టును విప్పి, 12క + 6 అని సూక్ష్మీకరించి, దానినే జవాబుగా రాసి వస్తారు. వారు చేసిన గుణకారంలో గాని, తీసివేతలో గాని తప్పు లేదు. కానీ ప్రశ్న అడిగినది లెక్క కాదు, అర్థం. మొదటి 2 కిలోమీటర్లు పోను మిగిలిన దూరం ఎన్ని కిలోమీటర్లో (క − 2) తెలుపుతుందన్నదే ఆ ప్రశ్నకు జవాబు.

తెలుగు విద్యార్థికి సమాసం అనే మాట రెండు పాఠాల్లో ఎదురవుతుంది. వ్యాకరణంలో "రాజభవనం" అనే సమాసాన్ని ఇచ్చి విగ్రహవాక్యం రాయమంటే "రాజు యొక్క భవనం" అని విడదీసి చెబుతాం. ఏ పదానికి ఏ పదంతో ఏ సంబంధం ఉందో ఆ వాక్యం బయటపెడుతుంది. గణితంలోని బీజీయ సమాసానికి కూడా సరిగ్గా ఇదే పని చేయవచ్చునని, చేసి తీరాలని నా అభిప్రాయం. పద సమస్యలో కనిపించే ప్రతి సమాసానికీ ఒక విగ్రహవాక్యం ఉంటుంది. దానిని రాయగలిగిన విద్యార్థికి సమీకరణం రాయడం, సాధించడం, వచ్చిన జవాబును సరిచూసుకోవడం సులువవుతాయి. ఆ వాక్యాన్ని రాబట్టే పద్ధతిని మెట్టుమెట్టుగా వివరిస్తాను.

మొదటి మెట్టు: అక్షరం ఏ సంఖ్యకు గుర్తో పూర్తి వాక్యంలో రాయండి

ఈ వ్యాసంలో చరరాశులకు తెలుగు అక్షరాలనే వాడుతున్నాను. ఇది మన గణితానికి కొత్త కాదు. 12వ శతాబ్దికి చెందిన భాస్కరాచార్యుడు తన బీజగణితంలో మొదటి తెలియని రాశిని "యావత్తావత్" అని పిలిచి, "యా" అనే అక్షరంతో గుర్తించాడు. రెండోదానికి నలుపును తెలిపే కాలక శబ్దంలోని "కా", మూడోదానికి నీలక శబ్దంలోని "నీ" వాడాడు. యావత్తావత్ అంటే "ఎంతో అంత" అని అర్థం. అంటే ఆ అక్షరం మొదటినుండీ ఒక పరిమాణానికి గుర్తుగానే నిలిచింది, ఒక వస్తువుకు సంక్షిప్త నామంగా కాదు. చిన్నదిగా కనిపించే ఈ భేదాన్ని పట్టించుకోకపోవడం వల్ల జరిగే తప్పులు మాత్రం చిన్నవి కావు.

ఒక ఉదాహరణ చూడండి. "ఒక పాఠశాలలో ప్రతి ఉపాధ్యాయునికి 30 మంది విద్యార్థుల చొప్పున ఉన్నారు." విద్యార్థులకు వ, ఉపాధ్యాయులకు ఉ అని తీసుకుని ఈ సంబంధాన్ని రాయమంటే, 30వ = ఉ అని రాసేవారు ఎక్కువగా కనిపిస్తారు. "30 మంది విద్యార్థులకు ఒక ఉపాధ్యాయుడు" అనే మాటను అలాగే ఎడమనుండి కుడికి గుర్తుల్లోకి దింపడం వల్ల ఈ తప్పు వస్తుంది. అమెరికాలో 1980 ప్రాంతంలో ఇంజనీరింగ్ చదువుతున్న విద్యార్థులకు ఇటువంటి ప్రశ్నే ఇచ్చి చూసినప్పుడు మూడింట ఒక వంతుకు పైగా తప్పుగా రాశారు. వారిలో ఎక్కువమంది చేసిన పొరపాటు ఈ తలకిందుల పొరపాటే. కాబట్టి దీనిని తెలివితక్కువతనంగా భావించి పిల్లలను మందలించడం న్యాయం కాదు. వ అంటే "విద్యార్థులు" అని అనుకున్నంతకాలం ఎవరికైనా 30వ అన్నది "30 మంది విద్యార్థులు" లాగే వినిపిస్తుంది.

దీనికి మందు ఒక్కటే. "వ = విద్యార్థులు" అని రాయకండి; "వ = పాఠశాలలోని విద్యార్థుల సంఖ్య" అని రాయండి. "ప = పెన్ను" అని కాక "ప = ఒక పెన్ను ధర, రూపాయల్లో" అని రాయండి. తరువాత సంఖ్యల్లో ఏది పెద్దదో అడగండి. విద్యార్థుల సంఖ్య పెద్దది, ఉపాధ్యాయుల సంఖ్య చిన్నది. చిన్నదానిని 30 తో గుణిస్తేనే పెద్దదానికి సమానమవుతుంది. అందువల్ల వ = 30ఉ. ఉపాధ్యాయులు 4 అయితే విద్యార్థులు 120 అని ఒక్కసారి వేసి చూసుకుంటే సందేహం పూర్తిగా తీరుతుంది.

రెండో మెట్టు: పదాలుగా విడదీసి, ప్రతి పదానికీ ప్రమాణం రాయండి

కూడిక, తీసివేత గుర్తుల దగ్గర సమాసాన్ని విడదీస్తే వచ్చే ముక్కలే పదాలు. బ్రాకెట్టులో ఉన్న గుర్తుల దగ్గర మాత్రం అప్పుడే విడదీయకూడదు. 30 + 12(క − 2) లో పదాలు రెండు: 30 ఒకటి, 12(క − 2) రెండోది. రెండింటినీ కలుపుతున్నామంటే రెండూ ఒకే జాతి రాశులు కావాలి. రూపాయలకు రూపాయలనే కలపగలం, కిలోమీటర్లను కలపలేం. కాబట్టి 12(క − 2) కూడా రూపాయలే అయి ఉండాలి. (క − 2) కిలోమీటర్లు అని మనకు తెలుసు. కనుక 12 కు ప్రమాణం "కిలోమీటరుకు రూపాయలు" కాక మరొకటి కావడానికి వీలు లేదు. 12 అంటే ఏమిటో సమస్యను మళ్లీ చదవకుండానే ఈ విధంగా ప్రమాణాల ద్వారా తేల్చవచ్చు.

ఇటువంటి ప్రమాణాన్ని చెప్పడానికి తెలుగులో "చొప్పున" అనే చక్కని మాట ఉంది. "కిలో 48 రూపాయల చొప్పున", "తలా 150 రూపాయల చొప్పున", "రోజుకు 6 పేజీల చొప్పున" అన్నప్పుడల్లా ఆ సంఖ్య తరువాత ఒక గుణకారం జరగబోతోందని గుర్తు. చరరాశికి ముందు గుణకంగా నిలిచే సంఖ్యను చదివేటప్పుడు "చొప్పున" చేర్చి చూడండి. 48క ను "కిలో 48 రూపాయల చొప్పున క కిలోల ఖరీదు" అని చదివితే వెంటనే అర్థమవుతుంది. చరరాశి లేకుండా ఒంటరిగా నిలిచే స్థిరపదానికి "చొప్పున" అతకదు. అది ఒక్కసారి మాత్రమే వచ్చే మొత్తం, అంటే కనీస ఛార్జీ, ప్రవేశ రుసుము, చేతిలో ముందే ఉన్న సొమ్ము వంటిది.

మూడో మెట్టు: బ్రాకెట్టును ఒకే రాశిగా చూడండి, విప్పితే అర్థం ఏమవుతుందో గమనించండి

బ్రాకెట్టు అంటే "ఈ మొత్తాన్ని ముందు ఒక్కటిగా భావించండి" అని చెప్పే గుర్తు. దానికి పేరు పెట్టగలగాలి. ఆటో సమస్యలో (క − 2) పేరు "అదనపు దూరం". అప్పుడు సమాసం మొత్తానికి విగ్రహవాక్యం ఇలా వస్తుంది: మొదటి 2 కిలోమీటర్లకు కనీస ఛార్జీ అయిన 30 రూపాయలకు, కిలోమీటరుకు 12 రూపాయల చొప్పున అదనపు దూరానికి అయ్యే ఛార్జీని కలిపితే వచ్చే మొత్తం ఛార్జీ.

ఇప్పుడు 12క + 6 సంగతి చూద్దాం. విలువలో రెండు సమాసాలూ సమానమే. కానీ విప్పిన రూపాన్ని చూసిన విద్యార్థి తరచుగా 6 ను కనీస ఛార్జీ అనుకుంటాడు. అది తప్పు. మరి 6 కు అర్థమే లేదా అంటే, ఉంది. 12క అంటే మొదటి కిలోమీటరునుండే కిలోమీటరుకు 12 రూపాయల చొప్పున లెక్కగట్టిన ఛార్జీ. ఆ రేటు ప్రకారం మొదటి 2 కిలోమీటర్లకు 24 రూపాయలు కావాలి, కానీ తీసుకుంటున్నది 30. ఆ తేడాయే 6. అంటే కనీస ఛార్జీలో మామూలు రేటు కంటే మనం అదనంగా చెల్లిస్తున్న సొమ్ము. ఒకే ఛార్జీకి రెండు రూపాలు, రెండు వేర్వేరు విగ్రహవాక్యాలు. మొదటి రూపం ఆటో నియమాన్ని చెబుతుంది. రెండో రూపం ఆ నియమంలో ప్రయాణికుడికి పైకి కనబడని ఒక విషయాన్ని చెబుతుంది.

వయసుల సమస్యల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. "5 సంవత్సరాల క్రితం తండ్రి వయసు కొడుకు వయసుకు 3 రెట్లు. కొడుకు ప్రస్తుత వయసు వ సంవత్సరాలు." తండ్రి ప్రస్తుత వయసు 3(వ − 5) + 5. ఇక్కడ 5 రెండుసార్లు వచ్చింది, కానీ రెండూ ఒకే పని చేయడం లేదు. బ్రాకెట్టులోని 5 కొడుకును 5 సంవత్సరాలు వెనక్కి తీసుకుపోతుంది. బయటి 5 తండ్రిని అప్పటినుండి ఇప్పటికి తీసుకువస్తుంది. 3 మాత్రం అప్పటి సంబంధానికి చెందినది, ఇప్పటిది కాదు. దీనిని వెంటనే 3వ − 10 గా మార్చితే ఈ రాకపోకల కథ కనుమరుగవుతుంది. విగ్రహవాక్యం రాసేవరకు బ్రాకెట్టును విప్పవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

నాలుగో మెట్టు: తెలుగు వాక్యంలోని క్రియల వరుసను నమ్మండి, కొన్ని మాటల దగ్గర ఆగండి

పద సమస్యలు మన భాషకు కొత్తవి కావు. 11వ శతాబ్దిలోనే పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కను చెప్పడంలో తెలుగు వాక్యానికి ఒక సహజమైన అనుకూలత ఉంది: అసమాపక క్రియలు పనులను జరిగిన వరుసలోనే చెబుతాయి. "ఒక సంఖ్యకు 5 కలిపి, దానిని రెట్టింపు చేసి, 3 తీసివేయగా" అన్నప్పుడు ముందు కూడిక, తరువాత గుణకారం, ఆ తరువాత తీసివేత. కనుక 2(క + 5) − 3. "ఒక సంఖ్యను రెట్టింపు చేసి 5 కలపగా" అంటే 2క + 5. "కలిపి", "తీసివేసి" వంటి క్రియ గుణకారానికి ముందు వస్తే, దాదాపు ఎప్పుడూ బ్రాకెట్టు అవసరమవుతుంది. ఎదురుదిశలో కూడా ఇదే సూత్రం: 4(న − 7) + 1 ను మాటల్లో చెప్పమంటే, న విలువ ఇచ్చినప్పుడు ఏ పని ముందు చేస్తామో ఆ వరుసలోనే క్రియలను పేర్చండి.

ఆగి చదవవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. తీసివేతలో విభక్తి ప్రత్యయమే దిక్కు: "ఒక సంఖ్య నుండి 7 తీసివేయగా" అంటే క − 7, "7 నుండి ఒక సంఖ్యను తీసివేయగా" అంటే 7 − క. "కంటే" ఉన్న వాక్యంలో పోల్చబడుతున్నది ఏదో ముందు తేల్చుకోవాలి. "అక్క వయసు చెల్లి వయసు కంటే 4 ఎక్కువ" అన్నప్పుడు 4 ను చెల్లి వయసుకు కలపాలి, అక్క వయసుకు కాదు. "పోను" అంటే తీసివేత. "ఖర్చులు పోను" అన్నప్పుడు ఆ ఖర్చులన్నింటినీ ఒక బ్రాకెట్టులో పెట్టి తీసివేయాలి, లేకపోతే మొదటి ఖర్చు మాత్రమే తగ్గి మిగిలినవి కలిసిపోతాయి. "మూడో వంతు" అంటే మూడింట ఒక భాగం. వాడుకలో "మూడు వంతులు" అంటే నాలుగింట మూడు, అంటే ముప్పాతిక. ఈ రెండింటి మధ్య ఉన్నది ఒక్క అక్షరం తేడాలాగే వినిపించినా, విలువల్లో తేడా చాలా పెద్దది. "3 రెట్లు ఎక్కువ" అనే మాటను కొందరు 3క గాను, కొందరు క + 3క గాను అర్థం చేసుకుంటారు. సమస్యలు తయారుచేసే ఉపాధ్యాయులు దానిని విడిచిపెట్టి "3 రెట్లు" అని మాత్రమే రాయడం మంచిది.

ఐదో మెట్టు: గుణకంలో దాగిన 1 ని వెతకండి

శాతాల సమస్యల్లో సమాసాలు చాలా కుదించి ఉంటాయి. 18 శాతం జీఎస్టీ వర్తించే వస్తువు అసలు ధర ధ రూపాయలైతే బిల్లు మొత్తం 1.18ధ. ఇందులో 1 అసలు ధర, 0.18 పన్ను, ధ + 0.18ధ అనే రెండు పదాలు కలిసిపోయి ఒకటైన రూపమిది. ఈ దాగిన 1 ని చూడనివారు, బిల్లు మొత్తం 2,360 రూపాయలని ఇచ్చి అసలు ధర అడిగినప్పుడు 2,360 లో 18 శాతం తగ్గిస్తారు. అప్పుడు 1,935.20 వస్తుంది. అది తప్పు, ఎందుకంటే పన్ను వేసినది ధ మీద, 2,360 మీద కాదు. 1.18ధ = 2,360 కనుక ధ = 2,000. అలాగే 20 శాతం రాయితీ తరువాత మళ్లీ 10 శాతం రాయితీ ఇస్తే చెల్లించవలసినది 0.9 × 0.8ధ, అంటే 0.72ధ. 0.8ధ అంటే మొదటి రాయితీ తరువాతి ధర. రెండో రాయితీ దాని మీద లెక్క కడతారు. మొత్తం రాయితీ 28 శాతం, 30 కాదు.

మన ఊళ్లలో వడ్డీని చెప్పే తీరు కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. "నూటికి 2 రూపాయల వడ్డీ" అంటే నెలకు నూరు రూపాయలకు 2 రూపాయలు. 50,000 రూపాయలు అప్పు తీసుకుంటే న నెలల తరువాత చెల్లించవలసినది, బారువడ్డీ లెక్కలో, 50,000 + 1,000న. ఇందులో 1,000 ప్రమాణం "నెలకు రూపాయలు". "నెలకు" అనే మాటను మరచి, బ్యాంకులు చెప్పే వార్షిక రేటులాగా సంవత్సరానికి 2 శాతమని చదివిన వ్యక్తి నిజానికి సంవత్సరానికి 24 శాతం వడ్డీకి ఒప్పుకుంటున్నాడు. ప్రమాణాన్ని రాసే అలవాటు పరీక్ష హాలు బయట కూడా మనిషిని కాపాడగలదని నేను నమ్మేది ఇటువంటి చోటనే.

ఆరో మెట్టు: గుణకారాల గొలుసును ఒక్కో కొక్కెం దగ్గర ఆపి చదవండి

ఒక కౌలు రైతు ఎ ఎకరాల్లో వరి సాగు చేస్తున్నాడు. ఎకరానికి 28 బస్తాల దిగుబడి, అందులో ఎకరానికి 10 బస్తాలు కౌలు, బస్తాకు 75 కిలోలు, ఎకరానికి పెట్టుబడి 25,000 రూపాయలు అనుకుందాం. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాకు 2,300 రూపాయలు. ఆ ధరకే అమ్ముడుపోతే రైతుకు మిగిలేది:

2,300 × 0.75 × (28 − 10)ఎ − 25,000ఎ

దీనిని లోపలినుండి బయటికి చదవాలి. (28 − 10) కౌలు పోను ఎకరానికి రైతు చేతిలో మిగిలే బస్తాలు. దానిని ఎ తో గుణిస్తే మొత్తం బస్తాలు. 0.75 అంటే బస్తాకు ఎన్ని క్వింటాలో చెప్పే సంఖ్య. దానితో గుణించగానే బస్తాలు క్వింటాళ్లవుతాయి. 2,300 తో గుణించగానే క్వింటాళ్లు రూపాయలవుతాయి. చివరి పదం పెట్టుబడి, అది కూడా రూపాయల్లోనే ఉంది. కాబట్టి తీసివేత చెల్లుతుంది. ప్రతి గుణకారం దగ్గర ఒక ప్రమాణం మాయమై కొత్తది వచ్చిందని గమనించండి. 75 కిలోలను 0.75 క్వింటాలుగా మార్చకుండా 2,300 × 75 అని రాసినవారు ఈ గొలుసులో ఎక్కడ తెగిపోయిందో ప్రమాణాలు రాస్తే తమంతట తామే పట్టుకోగలరు.

మొత్తం సూక్ష్మీకరిస్తే 6,050ఎ వస్తుంది. ఎకరానికి 6,050 రూపాయల చొప్పున మిగులుతుందని దాని అర్థం; అది పనికివచ్చే జవాబే. కానీ "కౌలు ఎకరానికి ఒక బస్తా తగ్గితే రైతుకు ఎంత మేలు?" అని అడిగితే 6,050ఎ మౌనంగా ఉండిపోతుంది. విప్పని రూపం మాత్రం చెబుతుంది: బ్రాకెట్టులో 10 బదులు 9 వేస్తే ఒక బస్తా పెరుగుతుంది, ఒక బస్తా విలువ 2,300 × 0.75 = 1,725 రూపాయలు, కనుక ఎకరానికి మిగులు 7,775 రూపాయలకు చేరుతుంది. ఏ ప్రశ్నకు ఏ రూపం జవాబు చెప్పగలదో గుర్తించడం సమాసాన్ని అర్థం చేసుకోవడంలో చాలా ముఖ్యమైన భాగం.

ఏడో మెట్టు: ఒక విలువ వేసి చూడండి, ఆ సమాసం ఎంతవరకు చెల్లుతుందో చెప్పండి

ఆటో సమాసంలో క = 2 వేస్తే 30 వస్తుంది; సరిపోయింది. క = 1 వేస్తే 18 వస్తుంది; కానీ ఒక కిలోమీటరు వెళ్లినా ఆటోలో 30 రూపాయలే ఇవ్వాలి. కాబట్టి ఈ సమాసం క విలువ 2 లేదా అంతకంటే ఎక్కువ అయినప్పుడే చెల్లుతుందని విగ్రహవాక్యం పక్కన రాయాలి. సమాసం సరైనదా కాదా అనే సందేహం వచ్చినప్పుడు చిన్న విలువలు, సరిహద్దు విలువలు వేసి చూడటమే అన్నింటికంటే నమ్మదగిన పరీక్ష.

ఇప్పుడు భాస్కరాచార్యుని గణిత గ్రంథమైన లీలావతిలో పేరుపొందిన తేనెటీగల లెక్కను ఈ పద్ధతిలో చదువుదాం. ఒక తేనెటీగల గుంపులో ఐదో వంతు కడిమి పువ్వు మీద, మూడో వంతు శిలీంధ్ర పుష్పం మీద వాలాయి. ఆ రెండింటి భేదానికి మూడు రెట్లు కుటజ పుష్పం వైపు వెళ్లాయి. ఒక్క తేనెటీగ మాత్రం మిగిలిపోయి గాలిలో తిరుగుతోంది. త = గుంపులోని తేనెటీగల సంఖ్య అనుకుంటే:

త/5 + త/3 + 3(త/3 − త/5) + 1 = త

ఎడమవైపు నాలుగు పదాలు, నాలుగు చోట్ల ఉన్న తేనెటీగల సంఖ్యలు. బ్రాకెట్టులోని భేదంలో మూడో వంతు ముందు, ఐదో వంతు తరువాత వచ్చాయి, ఎందుకంటే మూడో వంతే పెద్దది. వాక్యంలో చెప్పిన వరుసలో త/5 − త/3 అని రాస్తే కుటజం వైపు వెళ్లిన తేనెటీగల సంఖ్య రుణాత్మకమవుతుంది. బ్రాకెట్టు ముందున్న 3 కు ఏ ప్రమాణమూ లేదు. అది రెట్లను మాత్రమే చెబుతుంది. భేదం 2త/15, దానికి మూడు రెట్లు 6త/15. మొదటి రెండు పదాల మొత్తం 8త/15. అన్నీ కలిపి 14త/15. అంటే మిగిలిన ఒక్క తేనెటీగ గుంపులో పదిహేనో వంతు, కనుక త = 15. సరిచూస్తే 3, 5, 6, 1 వస్తాయి, మొత్తం 15. సమీకరణాన్ని యాంత్రికంగా సాధించేవారికి కూడా 15 వస్తుంది. కానీ మిగిలిన 1 గుంపులో ఎన్నో వంతో చూసినవారికి జవాబు సమీకరణం పూర్తి కాకముందే తెలిసిపోతుంది.

సాధనకు ఒక సమస్య

ఇంటి వంటకు వాడే సిలిండరులో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. ఒక ఇంట్లో కొత్త సిలిండరు పెట్టిన ర రోజుల తరువాత దానిలో మిగిలే గ్యాస్ 14.2 − 0.4ర కిలోలు. పైన చెప్పిన మెట్లను పాటించి మీరే ముందుగా రాయండి: 14.2 ఏమిటి, 0.4 కు ప్రమాణం ఏమిటి, రుణ గుర్తు ఎందుకు వచ్చింది, ర ఎంతవరకు ఉండవచ్చు. రాసిన తరువాత దీనితో పోల్చి చూసుకోండి. 14.2 మొదటి రోజున సిలిండరులో ఉన్న గ్యాస్, కిలోల్లో. 0.4 అంటే రోజుకు 0.4 కిలోల చొప్పున, అంటే రోజుకు 400 గ్రాముల వాడకం. వాడినకొద్దీ తరుగుతుంది కనుక రుణ గుర్తు. 0.4ర అంటే ర రోజుల్లో వాడిన మొత్తం గ్యాస్. ర = 35 అయినప్పుడు 0.2 కిలోలు మిగులుతుంది; ర = 35.5 దగ్గర సమాసం విలువ సున్నా అవుతుంది. అందుచేత ఆ ఇంట్లో 36వ రోజు మధ్యాహ్నం వంటకు ముందే రెండో సిలిండరు సిద్ధంగా ఉండాలి; ర విలువ 35.5 దాటితే ఈ సమాసం ఇచ్చే రుణ సంఖ్యకు అర్థం లేదు.